ఆంధ్రుల నిత్యజీవితమున గంధద్రవ్యములు

కోట కూలినను పునాది మిగులును. నాణెము మట్టిలో దాగినను ఎన్నడో బయటపడును. వాసనకు మాత్రము శిథిలములు లేవు. అందుచేతనే మన సాంఘిక చరిత్రకారులు కంటికి కనబడు కట్టడములను, చెవికి వినబడు గీతములను గూర్చి విశేషముగ వ్రాసిరి; ఘ్రాణేంద్రియము నంతగా పట్టించుకొనలేదు. అయినను దాని చరిత్రకు సాక్ష్యములు లేకపోలేదు. అవి సుంకపు పట్టికలలోను, కావ్యావతారికలలోను, వాడుక మాటలలోను చెదరియున్నవి. ఈ మూడింటిని కలిపి చదివిన గాని పూర్వాంధ్రుల నిత్యజీవితము మనకు సమగ్రముగ గోచరింపదు.

మొదట శాసనమును చూతము. కాకతి గణపతిదేవుడు శా. శ. 1166, అనగా క్రీ. శ. 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. గాలివానకు చెడి తీరము చేరిన ఓడల సరకును పూర్వపు రాజులు బలాత్కారముగ హరించెడివారు. అట్లు చేయక, నియతమైన సుంకము మాత్రమే గ్రహింతునని యాతడు సముద్రవర్తకులకు మాట యిచ్చెను. ఆ సుంకముల పట్టికలో చందనము, దేశి కర్పూరము, చీనా కర్పూరము, పన్నీరు, జవ్వాది, కర్పూర తైలము వరుసగ కానవచ్చును. రాగి, సీసము, దంతము, పట్టునూలు మొదలగు వానితోపాటు పరిమళమునకును రాజు వెల కట్టెను. నేలపై మరుక్షణమే చెదరిపోవు వాసన శిలపై ఈ విధముగ నిలిచినది.

రెడ్డిరాజుల కాలమున ఈ వర్తకము మరింత విస్తరిల్లెను. కొండవీటి కుమారగిరిరెడ్డికి ‘కర్పూర వసంతరాయ’ బిరుదము కలదు. ఆతని వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చినవాడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినది ఈతనికే. ఆ కావ్యావతారికను బట్టి, ఈ వర్తకుడు పంజారము నుండి కర్పూరమును, గోవ నుండి సంకుమదమును, భోటదేశము నుండి కస్తూరిని తెప్పించెనని తెలియుచున్నది. పంజారము సుమత్రా ద్వీపమున నున్నదని పండితుల అభిప్రాయము. కొండవీటి వసంతపు వేడుక వెనుక హిందూ మహాసముద్ర మంతయు నున్నదన్నమాట.

ఇది రాజభోగము మాత్రమే యని తలపరాదు. తెలుగువారు పెక్కుమంది ప్రజలుగా నుండిన విజయనగర రాజ్యమునకు 1443లో పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ వచ్చెను. రాజధాని అంగళ్లలో గులాబీలు విరివిగ అమ్ముట చూచి, అవి యిచ్చటివారికి ఆహారమువలె అత్యావశ్యకములని యాతడు వ్రాసెను. నేటికిని పేరంటమున గంధము పూయుదురు. పెండ్లిలో పన్నీరు చల్లుదురు. పసిబిడ్డకు తలంటిన పిదప సాంబ్రాణి పొగ వేయుదురు. తిరుమల స్వామికి శుక్రవారపు అభిషేకానంతరము పునుగు తైలము పూయుట ఆచారము. పేరు నిలిచి వస్తువు మారిన తావులును కలవు. నేడు హారతికి వెలిగించు కర్పూరము చాలవరకు సరళ (పైన్) జాతి చెట్ల తైలము నుండి రసాయన ప్రక్రియచే చేయబడునది. తిప్పయసెట్టి ఓడలు తెచ్చినది ఇది కాదు.

ఇక భాష. ‘గంధము’ అను పదమునకు సంస్కృతమున వాసన మాత్రమే ముఖ్యార్థము. తెనుగున అది చందనమునకే పేరైనది. ‘వలపు’ పరిమళమునకును ప్రేమకును ఒకటే మాట. పారసీకాది దేశముల నుండి దిగుమతియైన ఇంగువ మన వంటింట చేరి, ‘ఇంగువ కట్టిన గుడ్డ’ యను సామెతయై, గత వైభవపు జాడను చెప్పుచున్నది. అన్నింటికంటె చింతింపదగినది ‘కంపు’ అను మాట. పూర్వకవులు దీనిని సువాసనకును వాడిరి. కన్నడమున నేటికిని ఇది పరిమళార్థకమే. మన వాడుకలో మాత్రము దుర్గంధార్థమే మిగిలినది.

ఈ మాట వస్తువులకే కాక మనుష్యులకును అంటినది. తంగేడు చెక్కతో తోలు పదును చేయువారి లందలు ఊరికి దూరముగ నుండవలసెను. అందులకు కంపును కారణముగ చెప్పెడివారు. కాని ఆ లందలలో పదునైన తోలుతో కుట్టిన చెప్పులు ఊరిలోనికి వచ్చినవి. ఆ తోలుబానలు తోడిన మోటనీటితో ఊరి పొలములు పండినవి. వస్తువు గ్రాహ్యమై, దానిని చేసిన చేయి దూష్యమైనది. ఘ్రాణము ఇచ్చట ఇంద్రియముగ గాక, ఎడము పెట్టు సాధనముగ పనిచేసినది.

శాసనములు సుంకము కట్టిన పరిమళములనే పేర్కొన్నవి. కావ్యములు ధనికుల ముంగిళ్లనే వర్ణించినవి. గానుగ, లంద, చేపలారవేయు ఇసుకతిన్నె మొదలగువాని వాసనలకు వృత్తిపదములును, సామెతలును, వృద్ధుల నోటిమాటలును తప్ప వేరు ఆధారములు లేవు. గానుగలు పెక్కూళ్ల మూలబడినవి, మోటలు మరుగైనవి, ఆ మాటలెరిగినవారు నానాటికి తగ్గుచున్నారు. శాసనములను సేకరించిన శ్రద్ధతోనే వానిని సేకరింపవలయును. లేనిచో మన సాంఘిక చరిత్రలో కర్పూరము మాత్రమే గుబాళించును. దానిని ఓడ నుండి దించి మోసినవారి చెమట యందుండదు.