ఆత్మకూరుకి ఎన్ని దారులు?

వాన్ అంటే ఏంటి అని ఇంటర్వ్యూలో అడిగితే మనలో చాలామంది చెప్పే జవాబు ఒకటే: "లాన్ చిన్నది, వాన్ పెద్దది". తప్పని కాదు గానీ, అసలు సంగతి అందులో లేదు. లాన్ మన ప్రహరీ లోపలిది. తీగ మనది, స్విచ్ మనది. గోడ దాటితే స్తంభం ఇంకొకరిది, తీగ అద్దెది. ఆ పరాయి నేల దాటడమే వాన్.

మా సీమ భాషలో అయితే పొలంలోని పంటకాలవ లాన్, కేసీ కెనాల్ వాన్. సుంకేసుల దగ్గర వదిలిన నీళ్ళ లెక్క వేరు, చివరి ఆయకట్టుకి చేరిన నీళ్ళ లెక్క వేరు.

నల్లమల అంచున, కర్నూలుకి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆత్మకూరు ఇలాంటి చివరి ఆయకట్టే. అక్కణ్ణుంచి చూస్తే మన రాష్ట్రంలో వాన్ చరిత్ర బాగా అర్థమవుతుంది.

1980ల చివర్లో నిక్‌నెట్ జిల్లా కేంద్రాలను ఢిల్లీతో కలిపింది, అదీ ఉపగ్రహం ద్వారా. ఉపగ్రహం ఉండేది 35,786 కిలోమీటర్ల ఎత్తున. ఒక మాట పైకెళ్ళి కిందికి రావడానికే పావు సెకను, జవాబుతో కలిపి అర సెకను. ఫైబర్‌లో ఆత్మకూరు నుంచి కర్నూలుకి అర మిల్లీసెకను కూడా పట్టదు. అయినా నేల మీద నమ్మదగ్గ తీగ లేని రోజుల్లో ఆకాశమే దగ్గర దారి అయింది.

1998లో 'కార్డ్' పథకం కింద రెండొందలకు పైగా రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టారు. అవి ముఖ్యంగా ఏ ఆఫీసుకి ఆ ఆఫీసు లాన్‌లు. ఆ దశకం చివర వచ్చిన ఏపీస్వాన్ హైదరాబాదుని జిల్లా కేంద్రాలతో 2 ఎంబీపీఎస్ లింకుల మీద కలిపింది. కలెక్టర్లతో ముఖ్యమంత్రి వీడియో కాన్ఫరెన్సులు నడిచింది ఈ తీగ మీదే. కాలవ కర్నూలు దాకా వచ్చి ఆగింది.

2005లో కేంద్రం రూ. 3,334 కోట్లతో స్వాన్ పథకాన్ని ఆమోదించి, మండల స్థాయి దాకా కనీసం 2 ఎంబీపీఎస్ ఇవ్వాలంది. 2011లో మీసేవ వచ్చింది. 2017 డిసెంబరులో కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఏపీ ఫైబర్ మొదలైంది. అప్పట్లో నెలకి రూ. 149కే టీవీ, ఫోను, 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్!

ఇక్కడే ఒక మెలిక ఉంది. మీసేవకి ముందు లైను తెగితే ఆఫీసు వాళ్ళకి తప్ప ఎవరికీ తెలిసేది కాదు, కాగితం మీద పని నడిచేది. ఇప్పుడు లైను తెగితే అడంగల్ కోసం వచ్చిన రైతుకి ఒక రోజు కూలీ పోతుంది. 2 ఎంబీపీఎస్ 20 అయినా, 200 అయినా తెగిన తీగలో పారేది సున్నానే.

మన కంపెనీలకి రెండు వేర్వేరు సంస్థల లింకులు లేకుండా డిజైన్ గీస్తే మేనేజర్ ఒప్పుకోడు కదా. ఆత్మకూరుకి కర్నూలు, నంద్యాల, దోర్నాల వైపు మూడు రోడ్లున్నాయి. ఒకటి మూసుకుపోయినా ఊరు ఆగదు. అదే న్యాయం తీగకీ వర్తించాలి. ఫలానా ఊరికి నెట్‌వర్క్ చేరిందని ఎవరైనా చెబితే, స్పీడు తర్వాత అడగండి. ముందు ఎన్ని దారుల్లో చేరిందో అడగండి.