యుద్ధ పైలట్ల సంతకం ఫొటోలు: అసలేదో, నకిలీ ఏదో తెలిసేదెలా?

యుద్ధంలో పాల్గొన్న పైలట్ తన ఫొటో మీద స్వయంగా సంతకం చేస్తే, దాని కోసం పోటీపడి కొనేవాళ్లు ఉన్నారు. యూరప్, అమెరికాల్లో వేలంపాటలూ జరుగుతాయి. పైలట్ పేరుప్రఖ్యాతులతో పాటు ధరను తేల్చేవి మరో రెండు: సంతకం ఎప్పుడు చేశారు, ఆ ఫొటో ఎవరెవరి చేతులు మారి వచ్చింది.

ఈ సరదా మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపందుకుంది. బెర్లిన్‌కు చెందిన విల్లీ సాంకే జర్మన్ పైలట్ల ఫొటోలను పోస్టుకార్డులుగా అచ్చువేసి అమ్మేవారు. ‘రెడ్ బారన్’గా పేరొందిన మాన్‌ఫ్రెడ్ ఫాన్ రిచ్‌తోఫెన్ సంతకం చేసిన కార్డులకు ఇప్పటికీ గిరాకీ ఉంది. ఆయన 1918 ఏప్రిల్‌లో, 25 ఏళ్లకే చనిపోయారు. అసలు సంతకాలు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. నకిలీలకు అంతకన్నా ఏం కావాలి? రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన అడాల్ఫ్ గాలండ్ 1996 దాకా బతికి, అడిగినవాళ్లకు సంతకాలు చేస్తూ వచ్చారు. ఆయన సంతకం దొరకడం అంత కష్టం కాదు.

కలకత్తా ఆకాశంలో

రెండో ప్రపంచ యుద్ధంలో కలకత్తా నడిబొడ్డున ఉన్న రెడ్ రోడ్డునే రన్‌వేగా వాడారు. నగరానికి దిగువన, హుగ్లీ ఒడ్డున ఉన్న బడ్జ్ బడ్జ్ చమురు డిపోల రేవు. అక్కడి నుంచి అస్సాంలోని తిన్‌సుకియా దాకా అమెరికా సైన్యం దాదాపు 1,200 కిలోమీటర్ల పైప్‌లైన్ వేసింది. హిమాలయాల మీదుగా చైనాకు సరుకులు మోసిన ‘హంప్’ విమానాలకు ఇంధనం అందించడం దాని పని. శత్రు విమానాలను కూల్చినవాళ్ల ఫొటోల కోసం ఎగబడేవాళ్లు, ఆ సరుకు విమానాల పైలట్లను అంతగా పట్టించుకోరు. నా దృష్టిలో అది అన్యాయమే.

ఇదే నగరం మీద 1943 జనవరి 15 రాత్రి సార్జెంట్ ఆర్థర్ ప్రింగ్ తన బ్యూఫైటర్‌తో మూడు జపాన్ బాంబర్లను కూల్చారు. అదే ఏడాది డిసెంబర్ 5న కలకత్తాపై జరిగిన పగటి దాడిలో ప్రాణాలు కోల్పోయారు. పేరు వచ్చాక ఆయన సంతకం చేయడానికి మిగిలిన కాలం 11 నెలలు కూడా లేదు.

హైదరాబాద్ పేరుతో

బ్రిటిష్ వైమానిక దళంలో నిజాం రాజ్యం పేరు మోసిన స్క్వాడ్రన్లు మూడు: 110, 152, 253. వీటిలో 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. 1940లో ‘బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్’లో పోరాడిన ఈ స్క్వాడ్రన్, 1943 చివర్లో స్పిట్‌ఫైర్లతో కలకత్తా సమీపంలోని బైగాచికి వచ్చింది. ఆ 1940 పోరాటంలో పాల్గొన్న దాదాపు 2,900 మంది వైమానికుల్లో చివరివారు జాన్ హెమింగ్‌వే, 105 ఏళ్ల వయసులో 2025 మార్చి 17న కన్నుమూశారు. ఇకపై కొత్త సంతకం పుట్టదు.

మన హైదరాబాద్‌లోనే పుట్టిన ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్ 1942లో వైమానిక దళంలో చేరారు. 1978 నుంచి 1981 దాకా దానికి అధిపతి. 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. అధిపతిగా ఉన్నప్పటి ఆఫీసు ఫొటో మీద సంతకం వేరు, యువ అధికారిగా 1940లలో చేసిన సంతకం వేరు. పేరు కింద రాసిన హోదా, ఫొటోలో భుజం మీది పట్టీలు, తేదీ ఒకదానితో ఒకటి పొసగాలి.

పరీక్షలు

సిరా కూడా సాక్ష్యమే. మార్కర్ పెన్నులు 1960లలో గాని విస్తృతంగా వాడుకలోకి రాలేదు. ప్రింగ్ ఫొటో మీద మార్కర్ సంతకం కనిపిస్తే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. 1950ల నుంచి ఫొటో కాగితానికి తెల్లదనం కోసం కలుపుతున్న రసాయనాలు అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరుస్తాయి. 1943 నాటి ప్రింటు అలా మెరవకూడదు. ఎక్కువకాలం బతికిన పైలట్లు పాత ఫొటోల కొత్త ప్రింట్ల మీద సంతకాలు చేసిన సందర్భాలు ఉంటాయి కాబట్టి, వాళ్ల విషయంలో ఇది ఒక్కటే సరిపోదు. భూతద్దంలో సన్నని రంగు చుక్కలుగా కనిపించే సంతకం మాత్రం ప్రింటర్ పనే.

అన్నిటికన్నా గట్టి ఆధారం, ఫొటోతో పాటే వచ్చిన ఉత్తరం, కవరు, లాగ్‌బుక్. ఇంట్లో అలాంటివి ఉంటే ఫొటోను వాటి నుంచి విడదీయకూడదు. ఎవరు ఇచ్చారో ఒక కాగితం మీద రాసి జతచేయాలి.

విదేశీ వేలానికి పంపేముందు చట్టం చూసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం, చారిత్రక విలువ ఉన్న పత్రాలకు 75 ఏళ్లు దాటితే అవి పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. యుద్ధకాలపు ఉత్తరాలన్నీ ఇప్పటికే ఆ వయసు దాటాయి. ఫొటో ఆ కోవలోకి వస్తుందో రాదో భారత పురావస్తు శాఖను ముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకోవడం మేలు.