క్రీస్తుపురాణము : ఇండ్లలో నిలిచిన ప్రతులు

అచ్చుపడిన గ్రంథము నశింపదనియు, వ్రాతప్రతియే చెదలపాలగుననియు మనలోఁ బెక్కండ్ర నమ్మిక. గోవాదేశమునఁ బుట్టిన క్రీస్తుపురాణము కథ యీ నమ్మికకు విపరీతముగా నున్నది. అది 1616, 1649, 1654 సంవత్సరములలో మూఁడుమాఱులు ముద్రితమయ్యెను. ఆ కూర్పులలో నొక్క ప్రతియైన నేఁడు కానరాదు. గ్రంథము మాత్రము నిలిచినది. నిలిపినవి కథోలిక కుటుంబములవారి వ్రాతప్రతులు.

గ్రంథకర్తయగు తామస్ స్టీఫెన్సు ఆంగ్లేయుఁడు, జెసూట్ సంఘమువాఁడు. 1579లో గోవా చేరి, 1619లో మరణించువఱకు నా ప్రాంతముననే యుండెను. ఆంగ్లేయుల తూర్పిండియా వర్తకసంఘ మేర్పడుటకు నిరువదియొక యేండ్లు ముందుగా వచ్చిన యీతఁడు మరాఠీ నేర్చి, ఓవీ ఛందమున 10,962 పద్యముల పురాణము రచించెను. ఓవీయందు మొదటి మూఁడు పాదములకు నంత్యప్రాస కుదిరి, నాలవపాదము పొట్టిగా ముగియును. మన ద్విపదవలె నిదియుఁ జదివి వినిపించుటకుఁ దగినది. పూర్వభాగమున సృష్టి మొదలు ప్రవక్తల కథలును, ఉత్తరభాగమునఁ గ్రీస్తుచరిత్రమును గలవు. గోవాలో నాగరి యచ్చక్షరములు పోఁతపోయుట సాగకపోవుటచే, మరాఠీ కావ్యమయ్యు నిది రాచోలులో రోమను లిపి నచ్చుపడెను. తొలికూర్పునకుఁ బేరు పోర్చుగీసుననే యుండెను. పురాణమను పేరు పిమ్మట రూఢమైనది.

1684లోఁ బోర్చుగీసు రాజప్రతినిధి, ప్రజలు మూఁడేండ్లలో దేశభాషను విడిచి పోర్చుగీసునే మాటలాడవలెనని యాజ్ఞాపించెను. అట్టి కాలమున దేశభాషాకావ్యమును మరల నచ్చొత్తించువా రెవ్వరు? గోవానుండి మంగళూరు ప్రాంతమునకు వలసపోయినవారి యిండ్లలో మాత్రము ప్రతికిఁ బ్రతి వ్రాసికొనుట సాగెను. 1784లో టిప్పుసుల్తాను వీరిని శ్రీరంగపట్టణమునకుఁ జెఱగొనిపోయినపుడు, ఆ దుర్దినములలో నీ పద్యములే తమవారికి నూఱట యయ్యెనని వారు చెప్పుకొందురు. ఇది పరంపరగా వచ్చిన మాట. శాసనమువంటి సాక్ష్యము గాదు. ఐనను, తండ్రి వ్రాసిన ప్రతిని గొడుకు మరల వ్రాయుట కేవలము సాహిత్యాభిమానముచే జరిగియుండదు గదా!

ఇట్లు వంశానుగతముగా వచ్చిన ప్రతులను సంపాదించి, పోల్చి, జోసెఫ్ సల్దాన్హా 1907లో మంగళూరునఁ బ్రకటించెను. ఆంగ్లమున గ్రంథకర్త చరిత్రమును, కథాసంగ్రహమును, పదకోశమును జేర్చెను. ఇంటి గ్రంథమును బరులచేతి కిచ్చుటకు గృహస్థు లెంత వెనుదీయుదురో తాళపత్రములకై యూళ్లు తిరిగినవా రెఱుఁగుదురు. పెట్టెలోని పొత్తమునకుఁ బూజ జరుగును గాని పఠనము జరుగదు. అట్టి పెట్టెలు తెఱవఁబడుటచేతనే యిన్నూఱేండ్లకుఁ బైఁబడిన పిమ్మట నీ కావ్యము మరల లోకుల చేతికి వచ్చెను.

తరువాత లండనులో, విలియం మార్స్‌డెన్ సేకరించిన గ్రంథములలో నాగరిలిపి ప్రతి యొకటి బయల్పడెను. రోమను ప్రతులలోఁ బోర్చుగీసు మతపదము లున్న తావుల దానిలో సంస్కృతపదము లున్నవి. దానిని వెలికిఁదెచ్చిన జస్టిన్ ఆబట్ అదియే కవి మూలమని తలఁచెను. ఈ వాదము నాకంతగా రుచింపదు. మతపదముల నన్యభాషనుండి యట్లే గ్రహించుట యానాఁటి బోధకులలో సామాన్యము. పండితుఁడగు లేఖకుఁడు పిమ్మట వానిని సంస్కరించియుండవచ్చును. శుద్ధమైన పాఠమే ప్రాచీనమనుట మన పరిష్కర్తలనుగూడఁ బలుమాఱు దారి తప్పించినది. ఇండ్లలోని ప్రతులు వికృతములే కావచ్చును. కాని విను జనమున్న ప్రతు లవి.

2009లో నెల్సన్ ఫల్కావ్ ఈ కావ్యమును నాగరిలిపిలోఁ బ్రకటించెను. రోమను లిపి యడ్డుటచే దూరమైన మరాఠీ చదువరులకుఁ దమ భాషాకావ్యము తమ లిపిలో దొరకినది.