ముందటి కొలత లేని నది: కిన్నెరసాని పరీవాహకంలో కాలుష్య నమూనా సేకరణ

ఉపోద్ఘాతం

నదిలో కాలుష్యం ఎంత పెరిగిందో నిర్ధారించాలంటే పరిశ్రమ రాకముందటి కొలత, వచ్చిన తరువాతి కొలత రెండూ కావాలి. ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులోని పాల్వంచ ప్రాంతానికి మొదటిది లోపించింది. ఆ లోపం నమూనా సేకరణ ప్రణాళికకు విధించిన పరిమితులను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

చట్టం – కాలక్రమం

కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో 60 మెగావాట్ల తొలి యూనిట్ 1966లో ప్రారంభమైంది. జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 1974లో, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి 1976లో వచ్చాయి. ఆ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం వ్యర్థజలాల నమూనా తీసే అధికారి కర్మాగార బాధ్యునికి నోటీసు ఇవ్వాలి. అతని సమక్షంలో నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకాలు చేయాలి. ఇది న్యాయస్థానంలో నిలిచే సాక్ష్యానికి ఉద్దేశించిన పద్ధతి. నదిలో ఎక్కడ, ఏ ఋతువులో, ఎన్నిసార్లు నమూనా తీయాలన్నది ఆ సెక్షన్ పరిధిలో లేదు.

స్థలం ఎంపిక

గతకాలపు కొలత లేనిచోట ఎగువ నీటినే ప్రమాణంగా తీసుకోవడం పరిపాటి. 1977లో అభయారణ్యంగా ప్రకటించిన అడవిలోని కిన్నెరసాని జలాశయం ఇందుకు అనువుగా కనిపిస్తుంది. అయితే నిలిచిన నీటిలో ఒండ్రు అడుగుకు చేరుతుంది. కనుక దిగువ ప్రవాహంలో కనిపించే అదనపు మలినమంతా బూడిదేనని చెప్పడానికి వీలులేదు. గోదావరిపై ఈ చిక్కు మరింత పెద్దది. మణుగూరు గనులు, భారజల కర్మాగారం భద్రాచలానికి ఎగువన, కాగితపు మిల్లు ఎదుటి ఒడ్డున సారపాకలో ఉన్నాయి. కిన్నెరసాని బూర్గంపాడు ప్రాంతంలో గోదావరిలో కలుస్తుంది. సంగమానికి దిగువన తీసిన ఒక్క నమూనా ఏ పరిశ్రమ వాటా ఎంతో వేరుచేయలేదు.

ఋతువు ఎంపిక

1994 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద సత్వర నివేదికకు వర్షాకాలం కాని ఒక ఋతువు వివరాలు సరిపోయేవి. అడవి వాగులు నిండుగా పారేదీ, బూడిద చెరువుల నీరు పొంగే అవకాశం ఎక్కువగా ఉండేదీ వానల్లోనే. 2011లో ఆరో దశ, 2018లో ఏడో దశ ఉత్పత్తిలోకి వచ్చాయి. వాటికి ముందు నమోదు చేయవలసిన ‘ప్రస్తుత స్థితి’లో అప్పటికే దశాబ్దాల బూడిద కలిసి ఉంది.

ఉపసంహారం

పాత యూనిట్లు 2020 నాటికి మూతపడ్డాయి. వాటి శీతలీకరణ గోపురాలను 2024లో కూల్చివేశారు. బూడిద మాత్రం మిగిలింది. ముందటి కొలత లేనప్పుడు మార్పును నిరూపించే భారం బావులు, వాగుల నీటిపై ఆధారపడే గూడేలపై పడుతుంది. ఎగువ, దిగువ స్థలాలను, బూడిద చెరువుల చుట్టూ ఉన్న బావులను స్థిరంగా గుర్తించి, వర్షాకాలంతో సహా ఏటా నమూనాలు తీస్తే, యూనిట్ల మూసివేత తరువాతి మార్పునైనా క్రమంగా నమోదు చేయవచ్చు.