ఫ్రెడరిక్ టౌన్‌సెండ్ వార్డ్

ఫ్రెడరిక్ టౌన్‌సెండ్ వార్డ్ (1831 నవంబరు 29 – 1862 సెప్టెంబరు 22) చైనాలో ఛింగ్ ప్రభుత్వం తరఫున తైపింగ్ తిరుగుబాటుదారులతో పోరాడిన అమెరికన్ కిరాయి సేనాని. డబ్బు కోసమే కత్తి పట్టినా, చైనా సైనికులకు పాశ్చాత్య కవాతు, ఆయుధాలు నేర్పి 'సదా విజయసేన'కు పునాది వేసినవాడిగా చరిత్రకెక్కాడు.

తొలి జీవితం

వార్డ్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని సేలం రేవుపట్నంలో పుట్టాడు. టీనేజిలోనే చైనా వెళ్లే ఓడలో పనికి కుదిరాడు. మధ్యలో వెర్మాంట్‌లోని సైనిక విద్యాలయంలో కొంతకాలం చదివాడు.

షాంఘై రంగం

1850లో రాజుకున్న తైపింగ్ తిరుగుబాటు రెండు కోట్లకు పైగా ప్రాణాలు తీసిందని అంచనా. 1860లో తిరుగుబాటు సేనలు షాంఘైని సమీపించడంతో అక్కడి వర్తకులు హడలిపోయారు. యాంగ్ ఫాంగ్ అనే షావుకారు డబ్బు సమకూర్చగా, అప్పటికే షాంఘై చేరిన వార్డ్ రేవులో దొరికిన నావికులను, సైన్యాల నుంచి పారిపోయినవారిని కూడగట్టాడు. సోంగ్‌జియాంగ్ కోటపై మొదటి దాడికి ఆ దళం తప్పతాగి వెళ్లింది. వారి గోలకు కోటలోని కావలివారు మేల్కొన్నారు, దాడి బెడిసికొట్టింది. తరువాత ఎక్కువగా ఫిలిప్పీన్స్ వారిని చేర్చుకుని, జులైలో అదే కోటను పట్టుకున్నాడు. ఆగస్టులో ఛింగ్‌పూ పట్టణం దగ్గర తూటా వార్డ్ దవడను ఛిద్రం చేసింది. ఆ గాయంతో అతడి మాట జీవితాంతం తడబడింది.

తటస్థంగా ఉన్న బ్రిటిషు వారికి వార్డ్ కంటగింపయ్యాడు. తమ నావికులను ప్రలోభపెడుతున్నాడంటూ 1861లో నిర్బంధిస్తే, ఓడ మీది నుంచి తప్పించుకున్నాడు.

సదా విజయసేన

విదేశీ కూలిసేనతో లాభం లేదని గ్రహించిన వార్డ్, సోంగ్‌జియాంగ్‌లో స్థానిక యువకులకే శిక్షణ మొదలుపెట్టాడు. అధికారులు పాశ్చాత్యులు, సిపాయిలు చైనీయులు. తలపాగాలు చుట్టి, పాశ్చాత్య తరహా దుస్తులు వేసుకున్న వారిని జనం 'నకిలీ విదేశీ దయ్యాలు' అని గేలి చేసేవారు. అయితే జీతం మంచిది, వేళకు అందేది. కాలువలు అల్లుకున్న ఆ డెల్టాలో ఫిరంగులను, మనుషులను ఆవిరి పడవలు చేరవేసేవి. వార్డ్ చేతికర్ర ఒక్కటే పట్టుకుని దాడిలో ముందు నడిచేవాడు. 1862 తొలి నెలల విజయాలతో గేలి ఆగింది. సేనకు 'సదా విజయసేన' అని పేరు పెట్టింది ఛింగ్ ప్రభుత్వమే. అదే ఏడాది వార్డ్ చైనా పౌరసత్వం, సైనిక హోదా పొంది, యాంగ్ ఫాంగ్ కుమార్తెను పెళ్లాడాడు. ఒకప్పుడు అతణ్ణి వెంటాడిన బ్రిటిషు నౌకాదళమూ చేతులు కలిపింది.

మరణం, ప్రభావం

1862 సెప్టెంబరు 21న నింగ్‌బో సమీపంలోని త్సుషీ పట్టణంపై దాడిలో వార్డ్‌కు పొత్తికడుపులో తూటా తగిలింది. మర్నాడే కన్నుమూశాడు. అప్పటికి ముప్పై ఒకటో ఏడు నిండలేదు. సోంగ్‌జియాంగ్‌లో ఖననం చేసి, స్మారక మందిరం కట్టారు. 1863లో సేనాధిపత్యం బ్రిటిషు అధికారి చార్లెస్ గోర్డన్‌కు దక్కింది, పేరుప్రతిష్ఠలూ ఎక్కువగా ఆయనకే దక్కాయి. కానీ గోర్డన్ చేతికొచ్చింది వార్డ్ తీర్చిదిద్దిన సేనే. తిరుగుబాటును అణచడంలో ప్రధాన భారం చైనా సేనానులదే అయినా, వారిలో ఒకడైన లీ హాంగ్‌జాంగ్ తన హువై సేనలో పాశ్చాత్య ఆయుధాలను, శిక్షణను ప్రవేశపెట్టడానికి వార్డ్ ప్రయోగం కళ్లెదుటి నిదర్శనంగా ఉపకరించింది.