దారి వేసినవారి కాగితాలు ఎక్కడ?



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని మన కార్యదర్శి గారు కోరారు. నేను ప్రభుత్వరంగ కర్మాగారంలో సాంకేతిక గ్రంథాలయం చూసుకుని రిటైరైనవాణ్ణి. రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర రాయడానికి పెద్దలు చాలామంది ఉన్నారు. నాకు తెలిసిన చరిత్ర కార్డులది, రిజిస్టర్లది, వాటిని తయారుచేసినవారిది. ఈ రోజుల్లో దీన్ని సమాచార శాస్త్రం అంటున్నారు. కావలసిన విషయం కావలసినవాడికి సమయానికి అందేలా సేకరించి, వర్గీకరించి, భద్రపరచడమే ఈ శాస్త్రం చేసే పని.

మన లింగంపల్లి చుట్టూ ఈ పనే పెద్ద వృత్తిగా మారడం మనం కళ్ళారా చూశాం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ కూడా అదే సంవత్సరం వచ్చింది. 2003లో మన స్టేషను నుంచి ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు నడవసాగాయి. వాటిలో మెడలో గుర్తింపు కార్డులు వేసుకుని వెళ్ళే పిల్లలను మీకు ఈ దారి మొదట వేసిందెవరని అడిగితే, వాళ్ళు అమెరికా పేర్లే చెబుతారు. తప్పు వాళ్ళది కాదు. చెప్పవలసినవాళ్ళం మనం.

మొదట అయ్యంకి వెంకట రమణయ్య గారు. 1890లో తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులో పుట్టారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధులను ఒకచోట చేర్చి సంఘం స్థాపించడానికి ఆయనే మూలపురుషుడు. అయిదేళ్ళు తిరిగేసరికి, 1919లో, మద్రాసులో అఖిల భారత స్థాయి గ్రంథాలయ మహాసభ జరిగేలా చూశారు. 'గ్రంథాలయ సర్వస్వం' పత్రిక నడిపారు. ఏ ఊళ్ళో ఏ గ్రంథాలయం ఉంది, దాన్ని ఎవరు నడుపుతున్నారు అన్న సంగతులు ఇవాళ మనకు తెలిసేది అలాంటి పత్రికల వల్లనే. 1972లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. 1979లో కన్నుమూశారు.

ఆయన బాటలోనే పాతూరి నాగభూషణం గారు నడిచారు. గుంటూరు జిల్లా పెదపాలెం కేంద్రంగా, 1935లో కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పుస్తకం దగ్గరకు పాఠకుడు రాలేకపోతే పాఠకుడి దగ్గరకే పుస్తకం వెళ్ళాలన్న ఆలోచన అది. ఇటు నిజాం రాజ్యంలో 1901లోనే కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకట రంగారావు గార్ల వంటివారు హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపించారు. తెలుగుకు ఆదరణ కరువైన రోజుల్లో ఆ పని చేశారు.

గ్రంథాలయం నుంచి కంప్యూటరుకు వద్దాం. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు, మనందరికీ తెలిసిన ఎ.ఎస్. రావు గారు, భాభా గారి దగ్గర పనిచేసి, 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు ప్రాణం పోశారు. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టి.డి.సి. 12 కంప్యూటరు, దాని తరువాతి టి.డి.సి. 312, 316 ఆ సంస్థ నుంచే దేశానికి అందాయి. పరాయి దేశపు యంత్రం కోసం అనుమతులు పట్టుకుని తిరగవలసిన కాలంలో అది చిన్న విషయం కాదు. 2003లో ఆయన పోయారు. ఆయన పేరున ఎ.ఎస్. రావు నగర్ ఉంది. బస్సు బోర్డు మీద రోజూ ఆ పేరు చదివేవారిలో ఆయన ఎవరో తెలిసినవారు ఎంతమంది?

ఇక చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన డాక్టర్ రాజ్ రెడ్డి గారు. గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొందారు. మనిషి మాటను యంత్రం గుర్తుపట్టేలా చేసే పరిశోధనలో అగ్రగణ్యులు. 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ గారితో కలిసి అందుకున్నారు. ట్రిపుల్ ఐటీ పాలక మండలికి చాలాకాలం అధ్యక్షులుగా ఉన్నారు. అంటే మన ఇంటి పక్కనే ఆయన నీడ ఉంది.

ఇక్కడ ఒక సంగతి గమనించమని మనవి. అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయంలో చార్లెస్ బాబేజ్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక సంస్థ ఉంది. కంప్యూటర్ల చరిత్ర భద్రపరచడమే దాని పని. వాళ్ళు 1991లోనే రాజ్ రెడ్డి గారిని కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, చెప్పిన ప్రతి మాటా రాసి దాచారు. ఆయనకు ఆ పెద్ద పురస్కారం రాకముందే! మనవాళ్ళయితే బహుమతి వచ్చాక శాలువా కప్పుతారు, పోయాక సంతాప సభ పెడతారు. మధ్యలో కూర్చోబెట్టి అడిగేవాళ్ళు తక్కువ.

కాగితాలు మిగిలితే ఏమవుతుందో బెల్జియం కథ చెబుతుంది. పాల్ ఓట్లే అనే ఆయన, మిత్రుడు లా ఫోంటేన్‌తో కలిసి 1895లో బ్రస్సెల్స్‌లో ప్రపంచంలోని పుస్తకాలన్నింటికీ కార్డుల సూచిక మొదలుపెట్టాడు. కోటికి పైగా కార్డులు చేర్చారు. 1940లో జర్మన్ సైన్యం వచ్చి ఆ భవనం ఖాళీ చేయించింది. 1944లో ఓట్లే పోయాడు, లోకం మరచిపోయింది. 1968లో రేవార్డ్ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు ఆయన కాగితాలు దుమ్ము పట్టి ఉన్న గదికి చేరుకున్నాడు. 1975లో జీవిత చరిత్ర వెలువరించాడు. 1998లో మోన్స్ పట్టణంలో ఆ సేకరణను ప్రజలకు తెరిచారు. 2013లో ఆ సూచిక యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకెక్కింది. ఆ గదిని ఎవరో ఒకరు చెత్త కింద ఊడ్చి ఉంటే ఇదంతా లేదు.

మన దగ్గర ఊడ్చేశారు. నా కార్యాలయ మిత్రుడొకాయన, పంచ్ కార్డుల రోజుల నుంచి లెక్కల విభాగంలో ఉన్నవాడు. ఎనభై నిలువు గడుల ఆ కార్డు మీద రంధ్రాలు చూసి జీతం ఎంతో చెప్పేవాడు. పొరపాటు ఎక్కడ వచ్చింది, ఎలా సరిదిద్దారు అన్నవి ముప్పై ఏళ్ళు తెలుగులో నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. ఆయన పోయిన ఏడాదికి పరామర్శకు వెళ్ళి ఆ పుస్తకాల మాట అడిగాను. ఇల్లు మారేటప్పుడు పాత పేపర్లవాడికి తూకానికి వేశామన్నారు. వాళ్ళను నేనేమీ అనలేదు. అవి ఏమిటో వాళ్ళకు చెప్పినవాళ్ళు ఎవరు?

కంప్యూటర్లో ఎక్కించేస్తే సరిపోతుందని కొందరంటారు. అదీ పూర్తిగా నిజం కాదు. రాజ్ రెడ్డి గారి ఆలోచనతో పది లక్షల పుస్తకాల పథకం వచ్చింది. మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరున 2003లో అది లోకానికి తెరుచుకుంది. ట్రిపుల్ ఐటీ అందులో ముఖ్య కేంద్రం. వేల తెలుగు పుస్తకాలు అలా బతికాయి. కాని పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్లు వారు ఎక్కించడంతో, ఉన్న పుస్తకం కూడా వెతికితే దొరికేది కాదు. తెలుగు వికీపీడియా స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చుని జాబితాలు సరిచేయవలసి వచ్చింది. తరువాత ఆ వెబ్‌సైటే ఆగిపోయింది. మరొకచోట ప్రతులు తీసి ఉంచడం వల్ల ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ పుస్తకాలు నేటికీ చదవగలుగుతున్నాం. దీనివల్ల మాలాంటి గ్రంథపాలకులకు పాత పాఠాలే మళ్ళీ రుజువయ్యాయి. సరైన పేరు రాయని పుస్తకం పోయినదానితో సమానం. ఒక్కచోటే ఉన్న ప్రతి సగం పోయినట్టే.

కాబట్టి సభ్యులకు నా సూచనలు ఇవి. పాత ఫొటోల వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం ఎడమ నుంచి కుడికి వరుసగా రాయండి. ముందువైపు పెన్నుతో రాయవద్దు. చిరిగిన కాగితానికి సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి. రెండూ కొన్నేళ్ళకు కాగితాన్ని తినేస్తాయి. బీరువాను గోడకు ఆనించకుండా కొద్దిగా ఎడంగా పెట్టండి, వానాకాలం చెమ్మ తగలదు. ఉన్న కాగితాలకు వరుస సంఖ్య వేసి ఒక చిన్న రిజిస్టరు రాయండి. ఫోనులో ఫొటోలు తీసి కనీసం మరో రెండుచోట్ల దాచండి.

అన్నిటికన్నా ముఖ్యం, మాట. మనవడినో మనవరాలినో ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఫోను రికార్డింగులో పెట్టి, మీరు మొదట ఉద్యోగంలో చేరిన రోజు నుంచి చెప్పండి. గొప్పలు అక్కరలేదు. మొదటి యంత్రం ఎలా వచ్చింది, ఎవరు నేర్పారు, ఏది పాడైంది, ఎలా బాగుచేశారు అన్నది చాలు. అయ్యంకి వారి గొప్పతనం చెప్పడానికి పత్రిక ఉంది. మన తోటివాళ్ళ సంగతి చెప్పడానికి మనం తప్ప ఎవరూ లేరు.

మన సంఘం గదిలో ఒక బీరువా, ఒక రిజిస్టరు ఇందుకోసం కేటాయించమని కార్యవర్గాన్ని సవినయంగా కోరుతున్నాను. జాబితా రాసే పని నేను చేస్తాను. కళ్ళజోడు నంబరు పెరిగింది గాని, చేతిరాత ఇంకా బాగానే ఉంది.