డిజిటల్ అంతరం: ఊళ్లోకి ఇంటర్నెట్ వచ్చింది సరే.. వాడటం నేర్పేదెవరు? పంచాయతీలు ఏం చేయొచ్చంటే..

కరెంటు బిల్లు, పిల్లల హాల్‌టికెట్, బ్యాంకు బ్యాలెన్స్, కుల ధ్రువపత్రం.. ఇప్పుడు చాలా పనులు ఫోన్‌లోనే. వాడటం వచ్చినవాళ్లకు రెండు నిమిషాల పని. రానివాళ్లకు మాత్రం ఒక రోజు కూలి పోయినట్టే. ఈ తేడానే డిజిటల్ అంతరం అంటున్నారు. దీన్ని తగ్గించడంలో గ్రామ పంచాయతీలు, మున్సిపాలిటీలు ఏం చేయగలవో చూద్దాం.

తేడా ఎంత?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన మహిళలు 21 శాతమే. పురుషుల్లో ఇది 48.8 శాతం. తెలంగాణలో మహిళలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజమే. కానీ ఈ లెక్కలు 15 నుంచి 49 ఏళ్ల వారివి. పింఛన్ తీసుకునే అవ్వాతాతలు ఇందులో లేనే లేరు.

కేబుల్ వేస్తే సరిపోతుందా?

పంచాయతీలన్నింటికీ ఫైబర్ వేయాలన్న పథకానికి కేంద్రం 2011లోనే ఓకే చెప్పింది. అదే ఇప్పటి భారత్‌నెట్. ఏపీలో 2016 డిసెంబర్‌లో కోనసీమలోని మోరి గ్రామానికి ఫైబర్ నెట్ వచ్చింది. తెలంగాణలో టీ-ఫైబర్ ఉంది. అయితే కేబుల్ సగం పనే. మిగతా సగం మనుషులకు నేర్పడం.

ఇందుకోసం కేంద్రం 2017లో పీఎంజీదిశ తెచ్చింది. ఇంటికి ఒక్కరు చొప్పున, 14 నుంచి 60 ఏళ్ల లోపు వారికి శిక్షణ. 6 కోట్ల మందికి పైగా నేర్చుకున్నారని ప్రభుత్వం చెప్పింది. 2024 మార్చితో పథకం ముగిసింది. 60 దాటినవాళ్లకు అందులో చోటే లేకుండా పోయింది.

పుల్లంపార ఏం చేసింది?

కేరళ తిరువనంతపురం జిల్లాలో పుల్లంపార అనే పంచాయతీ ఉంది. అక్కడ ఉపాధి హామీ కూలీలు డబ్బు పడిందో లేదో చూసుకోవడానికే పని మానుకుని బ్యాంకుకు వెళ్లేవారు. అంటే ఒక కూలి కోసం ఇంకో కూలి పోగొట్టుకోవడం. ఇది గమనించిన పంచాయతీ, ఫోన్ వాడటం రానివారిని సర్వే చేసి గుర్తించింది. పని జరిగే చోట, కుటుంబశ్రీ సంఘాల దగ్గర, ఇళ్ల దగ్గర వాలంటీర్లతో నేర్పించింది.

2022 సెప్టెంబర్‌లో పుల్లంపారను పూర్తి డిజిటల్ అక్షరాస్యత సాధించిన పంచాయతీగా ప్రకటించారు. ఇదే మోడల్ డిజి కేరళగా రాష్ట్రమంతా వెళ్లింది. 21 లక్షలకు పైగా మందికి నేర్పాక, 2025 ఆగస్టు 21న రాష్ట్రాన్ని పూర్తి డిజిటల్ అక్షరాస్యత సాధించిన రాష్ట్రంగా ముఖ్యమంత్రి పినరయి విజయన్ ప్రకటించారు. 90 ఏళ్లు దాటినవారూ నేర్చుకున్నారు. గమనించాల్సింది ఒక్కటే. జనాన్ని సెంటర్‌కు రమ్మనలేదు, జనం ఉన్నచోటికే వెళ్లారు.

మన దగ్గర ఏం చేయొచ్చు?

లిస్టు: వార్డుల వారీగా ఎవరికి ఫోన్ లేదు, ఎవరికి ఉన్నా వాడటం రాదు అన్నది ముందు తేలాలి. లిస్టు లేకుండా శిక్షణ పెడితే వచ్చేది ఇప్పటికే తెలిసినవాళ్లే.

నేర్పే చోటు: పొదుపు సంఘాల సమావేశాలు ప్రతి ఊళ్లో జరుగుతాయి. అక్కడే అరగంట చాలు. నేర్పడానికి ఊళ్లోని డిగ్రీ విద్యార్థులున్నారు. ఏపీలో 2019 అక్టోబర్ 2న మొదలైన సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్ పోస్టే పెట్టారు.

లైబ్రరీ: ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనం కడుతూనే ఉన్నాం. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. కానీ బకాయిల వార్తలు తరచూ వస్తూనే ఉంటాయి. అది సరిగ్గా జమైతే లైబ్రరీలో రెండు కంప్యూటర్లు పెద్ద విషయం కాదు.

వైఫై: 2020 డిసెంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి కింద కిరాణా కొట్టు కూడా లైసెన్స్ లేకుండా వైఫై అందించొచ్చు. ఇలాంటి కొట్లను పంచాయతీ ప్రోత్సహించొచ్చు.

జాగ్రత్తలు: ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని, డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయాలని మొదటి రోజే నేర్పాలి. ఒక్కసారి మోసపోయినవాళ్లు మళ్లీ ఫోన్ ముట్టుకోరు.

కౌంటర్ తీసేయొద్దు

ఏపీలో 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవలు (95523 00009) చాలామందికి తిరుగుడు తప్పించాయి. అయినా ఎంత నేర్పినా కొందరికి చూపు ఆనదు, కొందరి వేలిముద్ర పడదు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కిందకు వచ్చే హక్కేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. అందుకే ఆఫీసులో ఒక మనిషి ఉండే కౌంటర్ కొనసాగాలి.

గ్రామసభలో ఇవి అడగండి

ఇది మా పని కాదని పంచాయతీ అనడానికి లేదు. రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లోని 29 అంశాల్లో వయోజన విద్య, గ్రంథాలయాలు రెండూ ఉన్నాయి. ఈసారి గ్రామసభకు వెళ్తే మూడు ప్రశ్నలు అడగండి. ఫోన్ వాడటం రానివాళ్ల లిస్టు ఉందా? గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు? ఫోన్ లేనివాళ్ల దరఖాస్తు తీసుకునేది ఎవరు, ఏ టైమ్‌లో ఉంటారు? సమాధానాలు తీర్మానాల రిజిస్టర్‌లో రాయించడం మర్చిపోవద్దు.